ట్రంకుపెట్టెలో పతకాలు: మన ఊరి మాజీ సైనికుణ్ణి సరిగ్గా గౌరవించడం ఎలా?

1971 యుద్ధం నాటికి ఇరవై ఏళ్ల కుర్రాళ్లుగా ఉన్నవాళ్లకు ఇప్పుడు డెబ్బై అయిదు ఏళ్ల దరిదాపుల్లో ఉంటాయి. 1965లో పోరాడినవాళ్లు ఎనభై దాటారు. 1962 నాటివాళ్లు ఏ కొద్దిమందో మిగిలారు. ఊళ్లో వీళ్లను "మిలట్రీ తాత" అంటాం. ఆగస్టు 15న పిలిచి, శాలువా కప్పి, ఫొటో దిగి ఇంటికి పంపేస్తాం. ఆయనది ఏ రెజిమెంటో, ఏ సరిహద్దులో నిలబడ్డారో, ఛాతీ మీదున్న పతకం దేనికొచ్చిందో మైకు పట్టుకున్నవాడికి తెలియదు, విన్నవాళ్లకీ తెలియదు.

ఆయన సేవేమిటో తప్పుల్లేకుండా తెలుసుకున్నాకే శాలువా కప్పాలని నా గట్టి నమ్మకం. పేరు, ర్యాంకు, యూనిట్, పనిచేసిన చోట్లు, వచ్చిన పతకాలు సరిగ్గా తేలితే మిగతా సన్మానం దానంతటదే కుదురుతుంది. మనవలకీ, సర్పంచులకీ, బడి పంతుళ్లకీ, యువజన సంఘాలకీ పనికొచ్చేలా ఆ పద్ధతంతా వరసగా చెబుతాను.

1. ముందు పెట్టె తెరవండి

మాజీ సైనికుడున్న ప్రతి ఇంట్లో ఒక నల్ల ట్రంకుపెట్టె ఉంటుంది. మూత మీద తెల్ల పెయింటుతో నంబరు, ర్యాంకు, పేరు రాసి ఉంటాయి. మీ పరిశోధన అక్కడే మొదలవుతుంది. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఆయన చేతే తీయించండి.

అందులో వెతకాల్సిన మొదటి కాగితం డిశ్చార్జి బుక్. సైన్యంలో చేరిన తేదీ, బయటికొచ్చిన తేదీ, ర్యాంకు, ట్రేడు, పతకాల వివరాలు దాన్లో ఉంటాయి. తర్వాత పింఛను మంజూరు పత్రం, అంటే పీపీఓ. మాజీ సైనికుడి గుర్తింపు కార్డు, ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు కూడా పక్కన పెట్టండి. పాత ఉత్తరాలుంటే పారేయకండి. "56 ఏపీఓ" అనో "99 ఏపీఓ" అనో సైనిక తపాలా చిరునామా ఉన్న ఇన్‌లాండ్ కవర్ల మీద యూనిట్ పేరూ, తపాలా ముద్ర తేదీ ఉంటాయి. ఏ నెలలో ఏ యూనిట్‌లో ఉన్నారో డిశ్చార్జి బుక్ చెప్పకపోయినా ఆ కవరు చెబుతుంది.

ప్రతి కాగితాన్నీ పగటి వెలుగులో ఫోనుతో ఫొటో తీసి రెండు చోట్ల దాచండి. ఆర్మీ నంబరు, పీపీఓ నంబరు కనిపించే ఫొటోలను వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం పెట్టొద్దు. పింఛనుదారులను మోసం చేసేవాళ్లకు కావాల్సింది ఆ నంబర్లే.

2. పతకాన్ని చదవడం నేర్చుకోండి

మన సైనిక పతకాల్లో చాలావాటి అంచు మీద గ్రహీత నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్ చెక్కి ఉంటాయి. పతకాన్ని బల్ల మీద నిలబెట్టి, పక్కనుంచి టార్చి వేసి మెల్లగా తిప్పండి. నేరుగా చూస్తే కనపడని అక్షరాలు ఏటవాలు వెలుగులో తేలతాయి. నక్షత్రాకారంలో ఉన్నవాటికి వెనకవైపు చూడండి.

ఇక ఏది దేనికి? మన ఊళ్లల్లో ఎక్కువగా కనిపించేవి ఇవి.

1965 యుద్ధంలో పోరాట ప్రాంతంలో ఉన్నవారికి సమర్ సేవా స్టార్. ఆ రోజుల్లో నిర్ణీత కాలం సర్వీసులో ఉన్నవారికి రక్షా మెడల్.

1971లో తూర్పున, బంగ్లాదేశ్ వైపు పోరాడినవారికి పూర్వీ స్టార్. పశ్చిమ సరిహద్దులో ఉన్నవారికి పశ్చిమీ స్టార్. ఈ రెండూ కంచు రంగు నక్షత్రాలు. 1971 డిసెంబరు 3 నుంచి 1972 డిసెంబరు 20 మధ్య చేసిన యుద్ధకాలపు సేవకు సంగ్రామ్ మెడల్. 1972 ఆగస్టు 15న సర్వీసులో ఉన్నవారికి స్వాతంత్ర్య రజతోత్సవ పతకం. దీన్నిబట్టి మీరే ఒక లెక్క వేసుకోవచ్చు. తాత దగ్గర పూర్వీ స్టార్ ఉండి, ఆయన 1972 చివరిదాకా సైన్యంలోనే ఉంటే, పక్కన సంగ్రామ్ మెడల్, రజతోత్సవ పతకం కూడా ఉండాలి. లేవంటే పోయి ఉండాలి, లేదా అసలు చేతికి అంది ఉండకపోవాలి.

1999 కార్గిల్‌కు ఆపరేషన్ విజయ్ స్టార్, ఆపరేషన్ విజయ్ మెడల్ అని రెండున్నాయి. మొదటిది పోరాటం జరిగిన ప్రాంతంలో ఉన్నవారిది. 2001-02లో సరిహద్దుకు సైన్యాన్ని తరలించినప్పటిది ఆపరేషన్ పరాక్రమ్ మెడల్. సియాచిన్‌కు ప్రత్యేక పతకం ఉంది. ఎత్తయిన మంచు ప్రాంతాల్లో పనిచేసినవారికి హై ఆల్టిట్యూడ్ మెడల్, విదేశాల్లో పనిచేసినవారికి విదేశ్ సేవా మెడల్ ఇస్తారు. 9, 20, 30 ఏళ్ల సర్వీసుకు దీర్ఘకాల సేవా పతకాలు వేరు.

శ్రీలంక వెళ్లినవారి సంగతి విడిగా చెప్పాలి. 1987 నుంచి 1990 దాకా అక్కడికెళ్లిన శాంతి దళంలో వెయ్యి మందికి పైగా మనవాళ్లు ప్రాణాలిచ్చారు. తిరిగొచ్చినవాళ్లకు విజయ దినోత్సవం లేదు, ఊరేగింపు లేదు. వాళ్ల దగ్గర స్పెషల్ సర్వీస్ మెడల్ ఉంటుంది, దాని రిబ్బను మీద "శ్రీలంక" అన్న చిన్న లోహపు పట్టీ. మీ ఊళ్లో అలాంటివారుంటే సభలో ఆ పట్టీ గురించి తప్పకుండా చెప్పండి. చెప్పేవాళ్ల కోసం వాళ్లు చాలా ఏళ్లుగా ఎదురుచూస్తున్నారు.

శత్రువుతో తలపడి గాయపడినవారికి ఊండ్ మెడల్, అదే పరాక్రమ్ పదక్. రిబ్బను మీద చిన్న తామరాకు గుర్తు కనిపిస్తే ఇంకా జాగ్రత్తగా చూడండి. అది "మెన్షన్ ఇన్ డిస్పాచెస్"కు గుర్తు, అంటే ఆయన చేసిన పని యుద్ధ నివేదికలకెక్కిందని అర్థం. దానికి విడిగా పతకం ఉండదు. ఆ ఆకు ఒక్కటే సాక్ష్యం. ఏదో అలంకారం అనుకుని ఇంట్లోవాళ్లు పట్టించుకోరు.

యుద్ధంలో చూపిన సాహసానికి ఇచ్చేవి పరమ వీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర. 1950 జనవరి 26న వీటిని నెలకొల్పి 1947 ఆగస్టు 15 నుంచి వర్తింపజేశారు. శత్రువుతో ముఖాముఖి యుద్ధం కాని సందర్భాల్లో చూపిన సాహసానికి అశోక చక్ర, కీర్తి చక్ర, శౌర్య చక్ర. సేనా మెడల్ వీటి తర్వాతది. కేంద్రం నడిపే గ్యాలంట్రీ అవార్డ్స్ పోర్టల్‌లో సాహస పురస్కార గ్రహీతల పేర్లున్నాయి. మీ జిల్లావాళ్లు ఎవరున్నారో అక్కడ వెతకండి. వీర చక్ర గ్రహీతకు నెలకు 7,000, మహావీర చక్రకు 10,000, పరమ వీర చక్రకు 20,000 రూపాయల చొప్పున కేంద్రం భత్యం పెంచింది 2017లో. గ్రహీత కాలం చేశాక అది భార్యకు వస్తుంది. అందుతోందో లేదో అడిగి కనుక్కోండి.

3. రాని పతకం కోసం రాయండి

పతకం కన్నా రిబ్బను ముందు చేతికొచ్చి, పతకం వచ్చేలోపే రిటైరైపోయినవాళ్లు చాలామంది. వరదలో, ఇల్లు మారడంలో పోగొట్టుకున్నవాళ్లు కొందరు. "ఇప్పుడెందుకులే" అని తాత అంటారు. ఆ మాట విని ఊరుకోకండి.

దరఖాస్తు వెళ్లాల్సింది ఆయన రెజిమెంటు లేదా కోర్ రికార్డ్స్ ఆఫీసుకి. ఆర్టిలరీ వారిది నాసిక్ రోడ్ క్యాంప్. మద్రాస్ రెజిమెంట్‌ది వెల్లింగ్టన్. మద్రాస్ ఇంజినీర్ గ్రూప్ వారిది బెంగళూరు. ఈఎంఈ (ఎలక్ట్రికల్, మెకానికల్ ఇంజినీర్ల విభాగం), ఆర్డినెన్స్ కోర్ వారివి మన సికింద్రాబాద్‌లోనే. సిగ్నల్స్ జబల్‌పూర్, మెడికల్ కోర్ లక్నో, ఆర్మర్డ్ కోర్ అహ్మద్‌నగర్ (ఇప్పటి అహిల్యానగర్). నౌకాదళ సెయిలర్లకు ముంబై మాన్‌ఖుర్ద్‌లోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్, వాయుసేన వారికి ఢిల్లీ సుబ్రతో పార్క్.

నేరుగా పంపే ముందు మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. అక్కడ కూర్చునేవాళ్లలో ఎక్కువమంది మాజీ సైనికులే. ఏ కాగితం ఎలా రాయాలో వాళ్లకి తెలుసు, వాళ్ల కవరింగ్ లెటర్‌తో వెళితే దరఖాస్తుకి ఒక దారి దొరుకుతుంది.

దరఖాస్తు ఒక పేజీ దాటనివ్వొద్దు. ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు, చేరిన, రిటైరైన తేదీలు, యుద్ధకాలంలో ఏ యూనిట్‌లో ఎక్కడున్నారు, ఏ పతకం రాలేదు లేదా ఏది పోయింది. అంతే. డిశ్చార్జి బుక్, పీపీఓ, ఆధార్ నకళ్లు జతచేయండి. పోయిన పతకమైతే పోలీసు ఫిర్యాదు నకలు, అఫిడవిట్ ముందే సిద్ధం చేసుకోండి. ఆయన లేకపోతే భార్య, ఆవిడ కూడా లేకపోతే కొడుకో కూతురో సంతకం చేయాలి, మరణ ధ్రువీకరణ పత్రం పెట్టాలి. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

ఎక్కువ దరఖాస్తులు ఆగిపోయేది పేరు దగ్గర. సైన్యం రికార్డులో "అప్పారావు" ఒక్క మాట, ఆధార్‌లో ఇంటిపేరుతో కలిపి మూడు మాటలు. పుట్టిన తేదీ బళ్లో ఒకటి, భర్తీలో ఇంకొకటి. ఇద్దరూ ఒకరేనని నోటరీ అఫిడవిట్ చేయించి మొదటిసారే జతచేస్తే నెలల తరబడి ఉత్తరాలు తిరగడం తప్పుతుంది. జవాబు రాకపోతే మర్యాదగా మళ్లీ రాయండి. అప్పటికీ రాకపోతే ఆయనకు ఏ పతకాలు మంజూరయ్యాయో సమాచార హక్కు చట్టం కింద అదే రికార్డ్స్ ఆఫీసును అడగొచ్చు. కాస్త ఓపిక పట్టాలి, అది వారాల్లో తేలే పని కాదు.

4. తోమకండి

పండగ ముందు ఇత్తడి బిందెలతోపాటు పతకాలనూ చింతపండు పెట్టి తోమేసే ఇళ్లున్నాయి. పీతాంబరి వేసేవాళ్లూ ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. కంచు మీద ఏళ్ల తరబడి ఏర్పడిన ముదురు రంగు దానికి రక్షణ. తోమితే అదీ పోతుంది, అంచు మీది పేరూ అరిగిపోతుంది. మెత్తటి పొడి గుడ్డతో తుడిస్తే చాలు. రిబ్బనును ఉతకొద్దు, ఇస్త్రీ చేయొద్దు.

ఫ్రేము కట్టించేటప్పుడు పతకానికి అద్దం తగలనంత లోతున్న ఫ్రేము అడగండి. ఫెవికాల్‌తో అంటించే షాపువాడికి ఇవ్వకండి. దళసరి గుడ్డ మీద రిబ్బను పట్టీని దారంతో కుట్టించండి. ఎండ తగిలే గోడకు వేలాడదీస్తే ఏడాదిలో రంగులు వెలిసిపోతాయి. రోజూ చూసుకోవాలనుకుంటే పతకాల ఫొటో ఫ్రేము కట్టించి గోడకి పెట్టి, అసలువి బీరువాలో దాచడం మంచిది.

5. ధరించే పద్ధతి

గ్రహీత తన పతకాలను ఎడమ ఛాతీ మీద ధరిస్తారు. ఒకే వరసలో, అన్నిటికన్నా హోదాలో పెద్దది గుండీల వైపు, తర్వాతవి భుజం వైపు. సాహస పురస్కారాలు ముందు, యుద్ధ నక్షత్రాలు, పతకాలు ఆ తర్వాత. మీకు తోచినట్టు మార్చొద్దు. పాత బార్ (పతకాలు వరసగా కుట్టే పట్టీ) మీద వాటిని యూనిట్‌లో ఎలా కుట్టారో అలాగే ఉంచండి. విడిపోయి ఉంటే సైనిక సంక్షేమ కార్యాలయంలో వరస అడిగి కుట్టించండి.

కాలం చేసిన సైనికుడి పతకాలను దగ్గరి బంధువు ధరించొచ్చు, అయితే కుడి ఛాతీ మీద. యుద్ధ స్మారకాల దగ్గర నివాళి, అంత్యక్రియలు వంటి సందర్భాలకు సైన్యం 2018లో ఈ అనుమతి ఇచ్చింది. మనవడు తాత పతకాలు పెట్టుకుని పెళ్లికి వెళ్లడం అందులోకి రాదు.

పంచె, లాల్చీ కట్టుకునే పెద్దమనిషికి నాలుగు పతకాల బార్ పెడితే ఆ బరువుకి పల్చటి లాల్చీ కిందికి జారి పతకాలు వంగిపోతాయి. లోపలి నుంచి అరచేతి వెడల్పు దళసరి గుడ్డముక్క పెట్టి దాంతో కలిపి పిన్ను గుచ్చండి. కోటో నెహ్రూ జాకెట్టో ఉంటే ఇంకా మంచిది. రెజిమెంటు టోపీ దాచుకుని ఉంటే పెట్టుకోమనండి.

ఆటల పోటీలకు అమ్మే పతకాలు కొని మాజీ సైనికుల మెళ్లో వేసే అలవాటు ఒకటి వచ్చింది. అది మానేయాలి. ఆయన ఛాతీ మీద ఉన్నది రాష్ట్రపతి పేరిట వచ్చినది. దాని పక్కన బజారు పతకం వేయకూడదు. ఊరి తరఫున ఇవ్వాలనుకుంటే జ్ఞాపిక ఇవ్వండి, ఆయన యూనిట్ పేరు చెక్కించి.

6. ఆయన మాట రికార్డు చేయండి

సభకు కనీసం రెండు వారాల ముందు, ఉదయం పూట, టీవీ ఆపేసి, ఫోను రికార్డింగ్ పెట్టి కూర్చోండి. "ఎంతమందిని చంపావు తాతా?" అని పిల్లల్ని అడగనివ్వొద్దు. జవాబు ఉన్నా లేకపోయినా ఆ ప్రశ్న ఆయన్ని నొప్పిస్తుంది. మామూలు సంగతుల్లోంచి వెళ్లండి. భర్తీకి ఎక్కడికెళ్లారు, రైలు ఎక్కడెక్కారు, ట్రైనింగ్‌లో హిందీ ఎలా నేర్చుకున్నారు, లంగరులో ఏం పెట్టేవారు, ఇంటి నుంచి ఉత్తరం ఎన్నాళ్లకొచ్చేది, పక్క బంకర్లో ఎవరుండేవారు. మద్రాస్ రెజిమెంట్ మనిషైతే యుద్ధనినాదం అడగండి. "వీర మద్రాసీ, అడి కొల్లు, అడి కొల్లు" అంటున్నప్పుడు ఆ గొంతు వినాలి.

చనిపోయిన స్నేహితుడి పేరు దగ్గర ఆయన ఆగిపోతే మీరూ ఆగండి. ఇంకో రోజు వెళ్లండి.

ఈ మాటల్నీ కాగితాల్నీ కలిపి సభలో చదవడానికి ఒక ప్రశంసా పత్రం రాయండి. ఇలా ఉంటే చాలు:

"హవల్దార్ ఫలానా (విశ్రాంత), ఆర్టిలరీ రెజిమెంట్. 1968లో గన్నర్‌గా చేరారు. 1971 డిసెంబరులో తూర్పు రంగంలో తన ఫిరంగి దళంతో పనిచేసి పూర్వీ స్టార్, సంగ్రామ్ మెడల్ పొందారు. ఆ తర్వాత ఎత్తయిన సరిహద్దుల్లో సేవచేసి హై ఆల్టిట్యూడ్ మెడల్ పొందారు. 1986లో విరమణ పొంది మన ఊళ్లో స్థిరపడ్డారు."

విశేషణాలు అక్కర్లేదు. "విశ్రాంత" అన్నది పేరు తర్వాతే రాయాలి. రిటైరయ్యేది మనిషే కానీ ర్యాంకు కాదని సైన్యంలో అంటారు. సాహస పురస్కారం ఉంటే దాన్నీ పేరు తర్వాత చేర్చాలి. హానరరీ కెప్టెన్‌ను హవల్దార్ అనీ, సుబేదార్‌ను జవాను అనీ పిలిస్తే జీవితమంతా కష్టపడి ఎక్కిన మెట్లు దింపేసినట్టే. మైకు ముందుకొచ్చే ప్రతివాడి చేతిలోనూ ఈ కాగితం ఉండాలి.

7. సభ

తేదీ సగం పని చేసిపెడుతుంది. డిసెంబరు 16 విజయ్ దివస్, 1971లో ఢాకాలో లొంగుబాటు పత్రంపై సంతకంతో దాదాపు 93,000 మంది పాకిస్తానీయులు లొంగిపోయిన రోజు. జులై 26 కార్గిల్ విజయ్ దివస్. డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినం. విశాఖలో నౌకాదళం వారిని డిసెంబరు 4 నేవీ డే సమయంలో బీచ్ రోడ్డులోని విక్టరీ ఎట్ సీ స్మారకం దగ్గరికి తీసుకెళ్లండి. 1971లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది ఆ తీరం దగ్గరే.

నన్నడిగితే మన ఊళ్లకు జనవరి 14ని మించింది లేదు. మన సైన్యానికి తొలి భారతీయ అధిపతి ఫీల్డ్ మార్షల్ కరియప్ప 1953లో ఆ రోజునే పదవీ విరమణ చేశారు, అందుకే దాన్ని వెటరన్స్ డేగా జరుపుతున్నారు. అది సరిగ్గా సంక్రాంతి రోజుల్లో పడుతుంది. హైదరాబాదు, బెంగళూరు, అమెరికా నుంచి వచ్చిన పిల్లలంతా ఊళ్లోనే ఉంటారు. మిలట్రీ తాత సొంత మనవలు ముందు వరసలో కూర్చుని వినే అవకాశం ఏడాదిలో ఆ ఒక్కసారే వస్తుంది.

సభను గంటలో ముగించండి. ఎనభై ఏళ్ల మనిషిని ఎండలో కూర్చోబెట్టి నాయకుడి కోసం ఎదురుచూడొద్దు. వీపుకి ఆనుకునే కుర్చీ, నీళ్లు, దగ్గర్లో బాత్రూము చూసుకోండి, వేదికకు మెట్లుంటే పట్టుకోవడానికి ఒక మనిషిని పెట్టండి. అమరులకు పుష్పగుచ్ఛం, రెండు నిమిషాల మౌనం, ప్రశంసా పత్రం చదవడం, ఆయన మాట్లాడాలనుకుంటే మాట్లాడటం, జాతీయ గీతం. దగ్గరి కాలేజీ ఎన్‌సీసీ కేడెట్లను పిలవండి. కొత్తగా వచ్చిన పతకం ఉంటే దాన్ని సైనిక సంక్షేమ అధికారి చేతో, ఇంకో మాజీ సైనికుడి చేతో ఇప్పించండి. జెండాను విగ్రహానికి ముసుగుగా, బల్ల మీద గుడ్డగా వాడకూడదని ఫ్లాగ్ కోడ్ చెబుతోంది.

వీరనారులను (అమర సైనికుల భార్యలను), కాలం చేసిన మాజీ సైనికుల భార్యలను పిలవడం మర్చిపోకండి. భర్త పోయిన ఆడమనిషిని శుభకార్యాల్లో పక్కన నిలబెట్టే అలవాటు మనలో ఇంకా ఉంది. ఈ సభలో ఆవిడ కుర్చీ ముందు వరసలో ఉండాలి, దీపం ఆవిడే వెలిగించాలి. గల్వాన్‌లో 2020 జూన్ 15న అమరుడైన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు మహావీర చక్రను 2021 నవంబరులో రాష్ట్రపతి చేతుల మీదుగా భార్య, తల్లి కలిసి అందుకున్నారు. మీ సభలోనూ తల్లి బతికి ఉంటే ఇద్దరినీ కలిపే పిలవండి.

8. నిలిచిపోయే పని

పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని జనం మిలటరీ మాధవరం అనే అంటారు. తరతరాలుగా సైన్యంలోకి వెళ్లే ఆ ఊరివాళ్లు యుద్ధ స్మారకం కట్టుకున్నారు. ప్రతి ఊరికీ అంత కుదరకపోవచ్చు, బడి గోడ మీద ఒక రాతి పలక కుదురుతుంది. యుద్ధాల్లో చనిపోయినవారు పైన, సేవచేసి తిరిగొచ్చినవారు కింద, చేరిన సంవత్సరం వరసలో. చందా ఎంతిచ్చారన్నది ఆ వరసలోకి రాకూడదు. చెక్కే ముందు కాగితం మీద ప్రింటు తీసి ప్రతి ఇంటికీ చూపించి సంతకం తీసుకోండి.

అమరుల కుటుంబాలను ఢిల్లీ జాతీయ యుద్ధ స్మారకానికి ఒకసారి తీసుకెళ్లగలిగితే చాలా మంచిది. 2019 ఫిబ్రవరి 25న ప్రారంభించిన ఆ స్మారకంలో త్యాగ చక్రం గోడల మీద ఒక్కో గ్రానైటు పలకపై ఒక్కో సైనికుడి పేరు ఉంది. పలక ఎక్కడుందో అక్కడి తెర మీద పేరు కొట్టి చూసుకోవచ్చు.

ఆయన కాలం చేసిన రోజున చేయాల్సినవీ ఇప్పుడే తెలుసుకోండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి, దగ్గరి సైనిక స్టేషన్‌కు వెంటనే కబురు పెట్టండి. అధికారిక లాంఛనాలతో జరిగే సైనిక అంత్యక్రియల్లో తప్ప మనంతట మనం దేహం మీద జాతీయ జెండా కప్పకూడదు. కప్పినప్పుడు కూడా దాన్ని చితిలోకో గోతిలోకో పోనివ్వకూడదు. రికార్డ్స్ ఆఫీసుకూ, పింఛను ఇచ్చే బ్యాంకుకూ మరణ ధ్రువీకరణ పత్రం పంపాలి.

ఈ వారమే చేయగలిగే పని ఒకటుంది. పీపీఓ తీసి, అందులో భార్య పేరు, పుట్టిన తేదీ ఉన్నాయో లేదో, ఉంటే ఆధార్‌తో అక్షరం అక్షరం కలుస్తున్నాయో లేదో చూడండి. తేడా ఉంటే ఆయన సంతకం చేయగలిగిన రోజుల్లోనే సరిచేయించండి.